చెప్పకుండా గడిచిన రెండు వారాలు

యూనివర్సిటీలో పంతొమ్మిదేళ్ళు భాషాశాస్త్రం చెప్పాను. మానేసిన రోజున ఏడుపు వస్తుందేమోనని చేతిరుమాళ్ళు రెండు పెట్టుకుని వెళ్ళాను. ఒక్కటీ బయటికి తీయలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టి, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చి, గది తాళం ఆఫీసులో అప్పజెప్పి, క్యాంటీన్‌లో చల్లారిన ఇడ్లీ తిని బస్సెక్కాను.

ఎందుకు మానేశావని చాలామంది అడిగారు. ఒకరికి ఆరోగ్యమన్నాను, ఒకరికి రాసుకోవాలనుందన్నాను. జరిగింది మాత్రం ఇది. ఒకసారి పరీక్షల ముందు ఒకమ్మాయి నా గదిలో నోట్సు మర్చిపోయింది. తెరిచి చూస్తే అది జిరాక్సు. నాలుగైదేళ్ళ కిందట చదివి వెళ్ళిపోయిన ఎవరిదో చేతిరాత. నేను క్లాసులో చెప్పే వాక్యాలన్నీ ఉన్నది ఉన్నట్టుగా అందులో ఉన్నాయి. ఒకచోట మార్జిన్‌లో 'ఇక్కడ మేడమ్ అత్తాకోడళ్ళ జోకు చెప్తారు, నవ్వాలి' అని రాసుంది. మరోచోట 'ఇక్కడ కిటికీలోంచి చూస్తారు' అని ఉంది.

సిగ్గు పడాలి, లేదా కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. ఆ అమ్మాయి వెతుక్కుంటూ వస్తే నోట్సు చేతికిచ్చాను. మర్నాడు క్లాసులో ఆ చోటికి వచ్చేసరికి అత్తాకోడళ్ళ జోకు చెప్పాను. అందరూ నవ్వారు. ఏడాది తిరగకుండా రాజీనామా ఇచ్చాను.

లోపల ఏదో మొద్దుబారిందని నాకు అప్పటికే తెలుసు. దంతవైద్యుడు ఇంజక్షను ఇచ్చాక పెదవి కొరికినా తెలియదు చూడండి, అలా ఉండేది. ఉద్యోగమే దానికి కారణమని, మానేస్తే పోతుందని అనుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సామాను తక్కువ కనుక ఒక చిన్న వ్యానులో వేయించుకుని నర్సీపట్నంలో అక్క దగ్గరికి వచ్చేశాను.

అక్క అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. బావగారు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇంట్లో ఒక్కతే ఉండేది. నేను దిగగానే ఎందుకు వచ్చావనీ, ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు. "పై గది దులిపించాను. నీళ్ళు పొద్దున్నే పట్టుకోవాలి, తరవాత రావు" అంది. అంతే. మా ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడూ ఆ మాత్రమే.

వచ్చిన మూడు నెలల్లో మూడు పనులు ఒప్పుకున్నాను. మొదటిది పిల్లల బొమ్మల పుస్తకం. పీహెచ్‌డీ రోజుల్లో మాటలు సేకరించడానికి కొయ్యూరు కొండల్లో తిరుగుతున్నప్పుడు ఒక ముసలామె సంతకెళ్ళిన అలుగు అనే కొండజంతువు కథ చెప్పింది. దాన్ని పిల్లల కోసం తిరగరాసి ఒక ప్రచురణ సంస్థకు పంపితే వేస్తామన్నారు. గీసిన బొమ్మలు కాకుండా, ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేయించి వాటిని ఫొటోలు తీసి వేద్దామని నేనే చెప్పాను. వాళ్ళు సరేనన్నారు. రెండోది ఫోన్లో వినే పిల్లల కథలు. వారానికి రెండు రాసి, నేనే చదివి, రికార్డు చేసి పంపాలి. మూడోది అక్క అంటగట్టింది. బడి వార్షికోత్సవానికి ఒక నాటకం రాసి పిల్లల చేత ఆడించాలి. మేక తప్పిపోతే వీధంతా కలిసి వెతికే నాటకం రాశాను.

ఒక్కో పనికి ఒక్కో గుడ్డ సంచీ పెట్టుకున్నాను. పొద్దున కాఫీ తాగేటప్పుడు అక్క మెట్ల కింద నుంచి అరిచేది. "ఏటే, ఇయ్యాల ఏ సంచీ?"

బయటి నుంచి చూసేవాళ్ళకు నేను చాలా ఉత్సాహంగా కనిపించి ఉంటాను. పక్కింటావిడ ఒకరోజు "మీకు రిటైరయ్యాకే పనెక్కువయినట్టుందండీ" అంది కూడా. ఒక సంచీలో పని కాస్త కష్టమైతే దాన్ని మూసి రెండోది తెరిచేదాన్ని. రెండోది విసుగనిపిస్తే మూడోది. దేని దగ్గరా ఏదైనా అనిపించేంతసేపు కూర్చోలేదు. అది నాకు అప్పుడు తెలియదు. పని జరుగుతోందిగా అనుకునేదాన్ని.

ఏటికొప్పాకలో నాకు బొమ్మలు చేసినాయనకు యాభై దాటి ఉంటాయి. ఇంటి ముందు పాకలోనే కార్ఖానా. కరెంటు మోటారు లేతుకు బిగించిన అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కి, తిరిగే కర్ర మీదే లక్క కడ్డీ అదిమితే ఆ వేడికి రంగు కరిగి పట్టేది. తర్వాత మెరుపు కోసం మొగలాకుతో రుద్దేవాడు. మాట తక్కువ మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోన్లో అలుగు ఫొటో చూపించాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేటండీ, పనసకాయకి కాళ్ళొచ్చినట్టున్నాది?"

"కొండల్లో ఉంటుందండీ. చీమల్ని తింటుంది. ఒంటి నిండా పెంకులు."

"పెంకులు లేతు మీద రావండి. గీతలొస్తాయి. వొరస గీతలు పెట్టి సూద్దాం."

రెండోసారి వెళ్ళేసరికి మూడు అలుగులు చేసి పెట్టాడు. ఒకటి మరీ లావు, ఒకటి మొసలిలా ఉంది. మూడోది సరిగ్గా కుదిరింది. గోధుమరంగు ఒంటి మీద వరుసగా సన్నటి గీతలు, పసుపు ముక్కు. నా అరచేతిలో పెట్టి నా ముఖంలోకి చూశాడు. "బాగుందండీ" అన్నాను. ఇంకేదో అంటానని ఆగాడు. నేను సంచీలోంచి జాబితా తీసి, ఇంకా ఏమేం కావాలో చదివాను. ముసలమ్మ, ఆమె బుట్ట, కోడి, ఎడ్లబండి, సంతలో మనుషులు. మొత్తం పదిహేడు. అన్నీ అయ్యాక ఫోన్ చేస్తే ఫొటోగ్రాఫర్‌ను తీసుకొస్తానని మాటిచ్చాను.

కథల రికార్డింగ్ ఇంట్లోనే చేసేదాన్ని. మధ్యాహ్నం అక్క బడికి వెళ్ళాక కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మంచం మీద రెండు బొంతలు గుడారంలా కప్పుకుని లోపల కూర్చుని చదివేదాన్ని. చెమట కారి కాగితాలు తడిసేవి. హైదరాబాదు నుంచి ఆ పని చూసే అమ్మాయి మర్యాదగానే మాట్లాడేది.

"మేడమ్, కథ సూపర్. వాయిసే... పిల్లలకి నిద్రొచ్చేలా ఉంది."

"పడుకునేటప్పటి కథలే కదమ్మా?"

"కాదండీ, ఇవి పొద్దున కథలు. స్కూలుకి తయారవుతూ వింటారు. కొంచెం నవ్వుతూ చదవండి, ప్లీజ్."

నవ్వుతూ చదివాను. విని, పళ్ళు నొప్పి ఉన్నట్టుంది మేడమ్ అంది. ఒక కుక్కపిల్ల కథ పదకొండుసార్లు చదివాను. పన్నెండోసారి ఆమె చెప్పకముందే ఆపేసి నాటకం సంచీ అందుకున్నాను.

ప్రచురణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది ఆ రోజుల్లోనే. నేను బడి వరండాలో పిల్లల కోసం ఎదురుచూస్తున్నాను. అలుగంటే పిల్లలకు తెలియదని అమ్మకాల వాళ్ళు అంటున్నారట. దాన్ని కుందేలు చేద్దామన్నారు. బొమ్మలు కంప్యూటరు మీద గీయించేస్తే ఖర్చు కలిసొస్తుందని, లక్క బొమ్మల ఆలోచన ఈసారికి వదిలేద్దామని రాశారు. మీ అభిప్రాయం చెప్పండి అని చివర ఉంది.

'సరేనండీ' అని జవాబిచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫోను సంచీలో వేసుకున్నాను. పిల్లలొచ్చారు. మేక ఎటు వైపు నుంచి రావాలో వాళ్ళకు చెబుతూ గంటన్నర గడిపాను.

ఏటికొప్పాకకు ఫోన్ చేసి చెప్పాలని గుర్తుంది. మర్చిపోయానని చెప్పి తప్పించుకోలేను. రోజూ పొద్దున బొమ్మల పుస్తకం సంచీ కొక్కేనికి వేలాడుతూ కనిపించేది. ఇవాళ చెప్పాలి అనుకునేదాన్ని. చెప్పడానికి భయమా అంటే భయం లేదు, మొహమాటమా అంటే అదీ లేదు. చెయ్యి ఫోను వైపు వెళ్ళేది కాదు, అంతే. మిగతా రెండు సంచుల్లో ఒకటి తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. అలా రెండు వారాలు గడిచాయి. ఈ మధ్యలో ఆయన ఒకసారి ఫోన్ చేశాడు. బొంతల కింద ఉన్నాను, ఎత్తలేదు. తిరిగి చేయలేదు కూడా.

నాటకానికి వేషాలు కట్టి చూసుకున్న రోజు గురువారం. మేకగా వేసే అమ్మాయికి కొమ్ములు నిలవడం లేదని రబ్బరు బ్యాండు కడుతున్నాను. ప్యూన్ వచ్చి మీకోసం ఎవరో వచ్చారని చెప్పాడు. అక్క గదిలోకి వెళ్ళేసరికి బొమ్మలాయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒళ్ళో తాడు కట్టిన అట్టపెట్టె. అక్క ఆయనకు మజ్జిగ ఇప్పించింది.

"ఫోన్ సేత్తే ఎత్తలేదండి. పనిలో ఉన్నారనుకున్నాను. అన్నీ అయిపోయినాయి. ఫొటోలాయన్ని మాకాడికి తేవడమెందుకు, ఈడే దొరుకుతాడు గదా అని మీరు సెప్పిన బడి ఎతుక్కుని నేనే అట్టుకొచ్చీసాను."

తాడు విప్పాడు. పాత దినపత్రికల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి అక్క టేబుల్ మీద పెట్టాడు. హాజరు పట్టీలు పక్కకు జరిపి అక్క కూడా చోటిచ్చింది. అలుగు, కోడి, ఎద్దులు, బండి. బండి చక్రాలు తిరుగుతున్నాయి. ముసలమ్మ నడుము మీద బుట్ట, ఆ బుట్టకు మూత. మూత తీస్తే లోపల శనగగింజంత బెల్లం అచ్చు. అది నేను అడగలేదు. అలుగు బెల్లం కోసం సంతకెళ్తుందని నేనెప్పుడో అన్న మాట పట్టుకుని ఆయనే చేశాడు.

"ఎంత బాగున్నాయే!" అని అక్క మూత తీసి మళ్ళీ పెట్టింది.

నేను నిలబడే చెప్పాను. పుస్తకంలో లక్క బొమ్మలు వేయడం లేదని, అలుగును కుందేలు చేశారని, బొమ్మలు కంప్యూటరు మీద గీయిస్తున్నారని, క్షమించాలని. క్లాసులో పాఠం చెప్పినట్టు వరుసగా చెప్పాను.

ఆయన బండి చక్రాన్ని వేలితో ఆపాడు. తర్వాత అడిగాడు.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"రెండు వారాలైంది."

"రెండు వారాలు" అన్నాడు. ముసలమ్మ బొమ్మ వైపు చూశాడు. "ఈ బుట్ట నేను మొన్న సేసానండి. మూత కుదరక మూడు సేసాను."

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను అంతకుముందు చూడలేదు. వెంటనే ఆయన వైపు తిరిగి, "బాబూ, ఇవన్నీ మా బడికి తీసుకుంటాను. అద్దాల బీరువాలో పెడతాను" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వొద్దండి. బడి కోసం సేసినవి కావు." చేసిన పనికి కూలి ఇస్తానని నేనన్నాను. వచ్చిన వరుసలోనే బొమ్మల్ని తిరిగి కాగితాల్లో చుట్టాడు. బస్సు వేళయిందని లేచాడు. అక్క గేటు దాకా వెళ్ళింది. నేను పిల్లల దగ్గరికి వెళ్ళి కొమ్ములు కట్టడం పూర్తిచేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క కాఫీ కలపలేదు. పీటేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నేను చెప్పులు విప్పుకోక ముందే మొదలుపెట్టింది.

"ఏటే నీకు? ఆ మనిషి రెండు బస్సులు మారి వొచ్చాడు."

"తెలుసక్కా."

"తెలిస్తే ఒక్క ఫోను కొట్టి సెప్పలేవా? ఏటి అడ్డమొచ్చింది?"

"ఏమీ అడ్డం రాలేదు."

"మరి?"

చెప్పులు విప్పి గోడ వారగా పెట్టాను. అక్క చేతిలో చిక్కుడుకాయ కింద పడేసింది. "మీ బావ పోయినప్పుడు వొచ్చి పదకొండు రోజులున్నావు. అన్నీ సేసావు, వొచ్చినోళ్ళందరికీ వొండి పెట్టావు. ఒక్కసారి కూడా నా పక్కన కూసోలేదు. అప్పుడే అనుకున్నాను. అడిగితే బాగోదని ఊరుకున్నాను."

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఉద్యోగం మానేసినా పోలేదు. అంటే ఉద్యోగం కాదన్నమాట. లేదా ఉద్యోగం ఒక్కటే కాదు. నేను పైకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. కిటికీలోంచి చెరకు లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే చూస్తూ ఉన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

వార్షికోత్సవం జరిగింది. నాటకం బాగుందన్నారు. మేక కొమ్ము ఒకటి ఊడి ముందు వరుసలో మండల విద్యాధికారి గారి ఒళ్ళో పడితే అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. నేను తెర పక్కన నిలబడి ఇంకా ఎన్ని నిమిషాలుందో చూసుకుంటున్నాను. ఆ వారమే హైదరాబాదు అమ్మాయి ఫోన్ చేసి, కథలు మీరు రాయండి మేడమ్, చదవడానికి వేరే ఆవిడను పెట్టుకుంటాం అంది. సరేనన్నాను. ఆ సరే అన్నాక మాత్రం ఫోను పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ ఏడాదిలో నేను ఎన్నిసార్లు సరే అన్నానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

ఆదివారం అక్కకు చెప్పి ఏటికొప్పాక వెళ్ళాను. సంచీ తీసుకెళ్ళలేదు.

ఆయన లేతు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి మోటారు ఆపకుండానే స్టూలు చూపించాడు. బొంగరాలు చేస్తున్నాడు. అలుగు, బండి, ముసలమ్మ ఎక్కడా కనిపించలేదు. నక్కపల్లి దగ్గర హైవే మీద ఒక కొట్టుకు అన్నీ అమ్మేశానని చెప్పాడు.

"అలుగుని ఎవరో మొసలనుకుని కొన్నారంటండి. కొట్టాయన సెప్పాడు."

"తప్పు నాదేనండీ. ఆ రోజే మీకు చెప్పి ఉండాల్సింది. క్షమించండి."

ఆయన ఉలి తీసి కర్ర వైపే చూస్తూ అన్నాడు. "ఆ రోజు కూడా ఇలాగే సెప్పారండి. పేపరు సదివినట్టు."

నాకు ఎందుకో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాకు ఏమీ అనిపించడం లేదండీ. చాలా రోజులైంది. మీరు బొమ్మ చేతిలో పెట్టినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు" అన్నాను. ఇది ఎవరితోనూ అనలేదు, అక్కతో కూడా.

ఆయన మోటారు ఆపాడు. లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"మా తమ్ముడు పోయిన యేడు నాకు రంగులు తెలీలేదండి. కళ్ళు బానే ఉన్నాయి. ఎరుపు ఎరుపే, పసుపు పసుపే. కానీ ఏది దేని పక్కనెయ్యాలో తెలిసీది కాదు. మా ఆవిడ సెప్తే ఏసీవోణ్ణి."

"తర్వాత ఏమైందండీ?"

"ఏటీ అవలేదు. అలాగే ఓ యేడు పోయింది. తరవాత కొంచెం తెలిసింది. ఇప్పటికీ అప్పట్లాగ తెలీదనుకోండి." చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు. "కానీ ఎవరికైనా మాటిస్తే మాత్రం ఎల్లీవోణ్ణండి. తెలిసినా తెలీకపోయినా."

ఆ మాట తగిలింది. ఎక్కడ తగిలిందో చెప్పలేను, తగిలిందని మాత్రం తెలిసింది. తల దించుకున్నాను. కాళ్ళ కింద అంకుడు పొట్టు మెత్తగా ఉంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. "ఇంతకీ ఆ కథ సివరేటండీ? సంతకెల్లిందని సెప్పారు గానీ ఎల్లి ఏటి సేసిందో సెప్పలేదు."

నిజమే. పదిహేడు బొమ్మలు చేయించుకున్నాను గానీ కథంతా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. బెల్లం పెడితే చీమలు వాటంతటవే ఇంటికొస్తాయని ఎవరో అంటే విని, అలుగు బెల్లం కొనడానికి ముసలమ్మ వెంట సంతకు బయలుదేరుతుంది. సంతలో జనం ఇదేం జంతువని చుట్టూ మూగుతారు. అది భయపడి ఉండచుట్టుకుంటుంది. సంత విడిచి, అందరూ వెళ్ళిపోయాక, మెల్లగా విప్పుకుని కొండెక్కేస్తుంది. ఆయన భార్య కూడా తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మరి బెల్లం?" అంది ఆమె.

"కొనలేదండీ. అంతటితో కథ అయిపోయింది."

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అయిపోడమేటండీ?" అన్నాడాయన. "కొనాలని ఎల్లి కొనకుండా వొచ్చీసింది గదా. వొచ్చే వారం సంతకి మళ్ళా ఎల్లాలి."

ఇరవయ్యేళ్ళ నుంచి ఆ కథ నా దగ్గరుంది. దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను. ఆ సంగతి నాకు తట్టలేదు.

పబ్లిషరుకు కుందేలు పుస్తకం మీద నా పేరు వద్దని రాశాను. అది ఎవరి పేరుతో వచ్చిందో చూడలేదు. ఫోన్ కథలు ఇంకా రాస్తున్నాను, వేరే ఆవిడ చదువుతోంది. ఆవిడ గొంతు బాగుంటుంది. అక్క పక్కన సాయంత్రాలు కూర్చుంటున్నాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. మొద్దుతనం పోయిందా అంటే పోలేదు. కొన్ని రోజులు కొంచెం పలచబడుతుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

అలుగు మళ్ళీ బెల్లానికి వెళ్ళే రెండో సంత రాశాను. ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ వేరే పని ముట్టుకోలేదు. దానికి బొమ్మలు చేయమని ఆయనను అడగలేదు, అడిగే మొహం లేదు. చదివి వినిపించడానికి శుక్రవారం వస్తానని మాత్రం ఫోన్ చేసి చెప్పాను. శుక్రవారం పొద్దున్నుంచీ వాన. అక్క గొడుగు తెచ్చి గుమ్మంలో పెట్టి, "బేగి ఎల్లి బేగి రా" అంది.

వెళ్ళేసరికి ఆయన లేడు. కర్ర కోసం పొద్దున్నే కొండల వైపు వెళ్ళాడట, వానకు ఎక్కడో ఆగిపోయాడట. ఆయన భార్య చాప వేసింది. చింతపండు గింజలు తీస్తూ కూర్చుని, సదవండి అంది. చదివాను. మధ్యలో రెండుసార్లు చెయ్యి ఎత్తి ఆపింది. వాన చప్పుడుకు వినబడలేదని, మళ్ళీ సదవమని. గొంతు పెంచి మళ్ళీ చదివాను.